బూస్టర్ డబ్బాలో ఉండదు: ‘ఇమ్యూనిటీ’ అనే మాట గురించి ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ఆహార భద్రతా అధికారులకు, ఔషధ నియంత్రణ అధికారులకు, తెలుగు పత్రికల, టీవీ చానళ్ల సంపాదకులకు, పిల్లల డాక్టర్లకు:

నమస్కారం.

నేను రిటైరైన ఏఎన్ఎంని. 1988లో చేరి 34 ఏళ్లు కృష్ణా డెల్టా ఊళ్లలో తిరిగాను. భుజాన వ్యాక్సిన్ క్యారియర్, చేతిలో రిజిస్టరు. అప్పట్లో నా సూదికి ఏడ్చిన పిల్లలు ఇవాళ తమ పిల్లల్ని చంకన వేసుకొచ్చి ‘నన్నూ ఈ నర్సమ్మే పొడిచింది’ అని చూపిస్తుంటారు. అంతకంటే పరిచయం అక్కర్లేదు.

మీకు రాయడం ఇది మొదటిసారి కాదు. కిందటేడు ఒక డబ్బా ఫొటోలు, కొన్న బిల్లు జతచేసి సంబంధిత కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపాను. రెండు నెలలు చూసి ఇంకోటి పంపాను. ఆ డబ్బా గురించి గంటసేపు కార్యక్రమం వేసిన ఒక చానల్‌కూ రాశాను. అందినట్టు రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. ఫోన్ చేస్తే ‘అది ఫుడ్డు మేడమ్, మా సెక్షన్ కాదు’ అన్నారు. ఫుడ్డు వాళ్లను అడిగితే ‘అందులో ఆయుర్వేదం ఉంది కదా, మా కిందికి రాదు’ అన్నారు. ఎవరి కిందికీ రాని ఆ డబ్బా మా ఊరి కిరాణా కొట్టుకు మాత్రం నెలనెలా వస్తోంది.

కంపెనీ పేరు రాయను. ఇది ఒక్క కంపెనీతో తీరే గొడవ కాదు. ఆ డబ్బా మీది రెండు మాటల గొడవ. ఒకటి ‘ఇమ్యూనిటీ’, రెండోది ‘బూస్టర్’.

జరిగింది చెప్తాను.

రిటైరయ్యాక కూడా బుధవారం పూట మా ఊరి అంగన్‌వాడీకి వెళ్లి కూర్చుంటాను. ఇప్పుడున్న ఏఎన్ఎం చిన్నపిల్ల. నాకు కాలక్షేపం, ఆమెకు కాస్త సాయం. ఒక బుధవారం రిజిస్టరు తిప్పుతూ ఒక బాబు పేరు దగ్గర ఆగింది. వాడికి మూడేళ్లు నిండబోతున్నాయి. తొమ్మిదో నెల దాకా అన్నీ టంచనుగా పడ్డాయి, ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ. 16 నుంచి 24 నెలల మధ్య వేయాల్సిన డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల టీకా) బూస్టర్ లేదు, పోలియో బూస్టర్ చుక్కలు లేవు, తట్టు టీకా రెండో డోసు లేదు. ఇదేంటని ఆశాను అడిగితే, తను ఎప్పుడో వెళ్లి వచ్చిందట. ‘బూస్టర్ అయిపోయింది’ అని తల్లి చెప్పిందట. ప్రైవేటులో వేయించుకున్నారేమో అనుకుని ఊరుకుందట.

సాయంత్రం నేనే వెళ్లాను. ఆ అమ్మాయి కుట్టుమిషన్ మీద ఉంది. ‘బూస్టర్ ఎక్కడ వేయించావమ్మా?’ అన్నాను.

‘వేయించడమేంటి నర్సమ్మా, తాగిస్తున్నాగా’ అని లేచి, అలమరలోంచి డబ్బా తీసి చూపించింది. ‘ఒకటి అయిపోయింది. ఇది రెండోది. దీన్లో ఇంకా సగం ఉంది.’

డబ్బా మీద డాలు పట్టుకున్న పిల్లాడి బొమ్మ. డాలుకు తగిలి పచ్చపచ్చని వైరస్‌లు వెల్లకిలా పడుతున్నాయి. పైన ఇంగ్లిష్‌లో పెద్దక్షరాలతో ‘ఇమ్యూనిటీ బూస్టర్’. ధర 480 రూపాయలు. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాలు నా కళ్లజోడుకు అందలేదు. ఫొటో తీసి పెద్దది చేసి చదివితే, పంచదార మొదటి వరసలోనే ఉంది.

ఆ అమ్మాయి ఇంటర్ దాకా చదివింది. కార్డులో ‘బూస్టర్’ అని ఉంది, డబ్బా మీదా ‘బూస్టర్’ అనే ఉంది. తప్పు ఎలా అవుతుంది? పైగా సర్కారు సూది ఉత్తినే వేస్తారు, ఇది డబ్బు పెట్టి కొన్నది. ఏది మంచిదనుకుంటారు ఎవరైనా?

ఆ తర్వాతి బుధవారమే బాబుకు సూదులు వేశాం. ఏడేళ్ల లోపు కాబట్టి డీపీటీ వేయొచ్చు. తొడకొకటి, చేతికొకటి. రాత్రి జ్వరం వచ్చింది, ఏడ్చాడు, మర్నాడు సాయంత్రానికి వీధిలో ఆడుకుంటున్నాడు. వాడి అదృష్టం బాగుండి ఈలోపు మా ఊళ్లో తట్టు రాలేదు. కానీ మా రిజిస్టరులో అదృష్టానికి కాలమ్ లేదు.

ఇక మీ ముందు పెట్టదలుచుకున్నవి ఇవి.

1. ఈ మాట అసలు ఏమిటి?

లాటిన్‌లో ‘మూనుస్’ అంటే పౌరుడు రాజ్యానికి చేయాల్సిన చాకిరీ, మోయాల్సిన బాధ్యత. దాన్నుంచి మినహాయింపు పొందినవాడు ‘ఇమ్మూనిస్’. ఇమ్యూనిటీ పుట్టింది అక్కడ. రాయబారులకు ‘డిప్లొమాటిక్ ఇమ్యూనిటీ’ అంటారే, అదీ ఈ అర్థమే. మన దగ్గర దీనికి దగ్గరి చుట్టం మాన్యం. మాన్యం భూమికి శిస్తు ఉండదు, సర్వమాన్యమైతే ఏదీ కట్టక్కర్లేదు. అయితే ఆ మినహాయింపు ఆ చెక్కకే. గట్టు దాటితే పక్క చేనుకు శిస్తు కట్టాల్సిందే.

జబ్బుల విషయంలోనూ అంతే. తట్టు వచ్చి తగ్గినవాడికి తట్టు నుంచి మినహాయింపు, మలేరియా నుంచి కాదు. ఒక్కో జబ్బుకు ఒక్కో మాన్యం, ఒక్కో పట్టా. 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వ్యాసం ప్రకటించారు. జంతువుల్లో ‘డిఫ్తీరియా ఇమ్యూనిటీ’, ‘టెటనస్ ఇమ్యూనిటీ’ ఎలా ఏర్పడతాయన్నది ఆ వ్యాసం పేరులోనే ఉంది. డిఫ్తీరియా అంటే మన కంఠసర్పి, టెటనస్ అంటే ధనుర్వాతం. ఆ పేరులో ఇమ్యూనిటీ అనే మాట పక్కన రెండుసార్లూ జబ్బు పేరుంది. కంఠసర్పికి సీరం వైద్యం కనిపెట్టినందుకే బేరింగ్‌కు 1901లో వైద్యశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ ఇచ్చారు. ఆ రెండు జబ్బులూ ఇవాళ మన డీపీటీ సూదిలో ఉన్న ‘డీ’, ‘టీ’. అంటే ఏ జబ్బుల పేర్లతో ఈ మాట ఆ వ్యాసానికెక్కిందో, మా ఊరి బాబుకు సరిగ్గా ఆ జబ్బుల సూదే ఈ మాట వల్ల తప్పిపోయింది.

తెలుగులో ‘రోగనిరోధక శక్తి’ అని పెట్టుకున్నాం. పెట్టినవాళ్లను తప్పుపట్టను గానీ, చివర ఆ ‘శక్తి’ చేరేసరికి జనానికి అది బలంలా, ఒంట్లో నీరసానికి వ్యతిరేకంలా వినిపిస్తోంది. పైగా ఇప్పుడు అందరూ ‘ఇమ్యూనిటీ పవర్’ అంటున్నారు. మినహాయింపుకు పవర్ ఏమిటి? ‘ఇమ్యూనిటీ పవర్ తగ్గింది, ఏదైనా డబ్బా ఇవ్వండి’ అని మందుల షాపులో అడగడం మీరూ వినే ఉంటారు. ఏ జబ్బు నుంచి అని అడిగే షాపువాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

2. బూస్టర్ అంటే బలం మందు కాదు

ఎక్కాలు ఒకసారి అప్పజెబితే గుర్తుంటాయా? ఏడాది తర్వాత మళ్లీ అప్పజెప్పించాలి. శరీరం కూడా అంతే. పుట్టాక 6, 10, 14 వారాలకు వేసే పెంటావలెంట్‌లో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం సహా అయిదు జబ్బుల పాఠం ఉంటుంది. కొన్నాళ్లకు అది మసకబారుతుంది. అందుకే ఏడాదిన్నర వయసులో ఒకసారి, అయిదారేళ్లకు ఇంకోసారి డీపీటీ, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా). ఈ అప్పజెప్పించడమే బూస్టర్.

ఇంకో సంగతి. తట్టు రెండో డోసును చాలామంది బూస్టర్ అంటారు, నిజానికి అది బూస్టర్ కూడా కాదు. తొమ్మిదో నెలలో వేసే మొదటి డోసు నూటికి 85 మందిలోనే పట్టుకుంటుంది. ఆ మిగిలిన 15 మంది ఎవరో చూసి చెప్పలేం. అందుకని అందరికీ ఇంకోసారి వేస్తాం. ఆ పదిహేనుగురిలో మీ బిడ్డ ఉంటే, రెండో డోసు తప్పడమంటే టీకా అసలే పడనట్టు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కంఠసర్పి వచ్చిన పిల్లను చూశాను. ఆరేళ్లుంటాయి. నోరు తెరిపిస్తే లోపల బూడిదరంగు పొర, తడిసిన తోలుముక్కలా గొంతుకు అతుక్కుని ఉంది. మెడ రెండువైపులా వాచి, తలా భుజాలూ కలిసిపోయినట్టున్నాయి. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. అద్దె జీపులో పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. గొంతు నయమైంది. పదో రోజున గుండె ఆగింది. ఆ విషం గుండెకు పోతుందని పుస్తకంలో చదివానే గానీ అప్పుడే చూశాను. చికిత్స అందినా ఈ జబ్బులో నూటికి 5 నుంచి 10 మంది పోతారు. పాతకాలం మాట అనుకుంటున్నారేమో, హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో పనిచేసినవాళ్లను అడగండి. బూస్టర్లు పడాల్సిన ఈడు పిల్లలే ఎక్కువగా వస్తారని చెబుతారు.

2022 జనవరి 10న కోవిడ్ మూడో డోసు మొదలుపెట్టినప్పుడు ప్రభుత్వం ‘ప్రికాషన్ డోసు’ అంది. జనం బూస్టర్ అన్నారు. ఆ ఊపులో ఈ మాట ఇంటింటికీ చేరింది. డబ్బాలవాళ్లకు అది ఉచితంగా దొరికిన ప్రచారం.

3. పెంచితే చాలనుకునేవాళ్లకు

ఇమ్యూనిటీ పెట్రోల్ ముల్లు లాంటిది కాదు, ఎంత పైకెళితే అంత మంచిది అనుకోవడానికి. కీళ్లవాతంలో, లూపస్‌లో ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే పడుతుంది. చిన్నపిల్లలకు వచ్చే టైప్ 1 షుగరూ అలాంటిదే. ఇన్సులిన్ తయారుచేసే కణాలను మన సైన్యమే చంపేస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఆ వ్యవస్థ చల్లబడి ఉండాలని టాక్రోలిమస్ లాంటి మాత్రలు బతికినన్నాళ్లూ వేసుకుంటారు. వాళ్ల ఇంటి అలమరలో ‘ఇమ్యూనిటీ పెంచే’ డబ్బా ఉంటే ఎలా? ‘అందరికీ, అన్ని వయసులవారికీ’ అని అదే డబ్బా మీద రాసి ఉంది.

డెంగీ చూడండి. ఆ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం నుంచి చాలాకాలం రక్షణ ఉంటుంది. తర్వాత ఇంకో రకం తగిలితే జబ్బు ముదిరే ప్రమాదం మొదటిసారి కంటే ఎక్కువ. ఏ డబ్బా ఏ రకానికి పనిచేస్తుంది?

2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని ఒక వైద్య పత్రికలో రాశారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను తప్పుపట్టింది. ఆ వాదన ఎలా ఉన్నా, తిప్పతీగ కలిసిన డబ్బాల మీద కాలేయం జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడిగి వాడాలన్న ఒక్క ముక్కయినా ఉండొద్దా?

కషాయాలకు నేను వ్యతిరేకిని కాను. 2020లో మిరియాల కషాయం నేనూ తాగాను, పసుపు పాలూ తాగాను. గొంతుకు హాయిగా ఉంది. ఆ హాయిని ఇమ్యూనిటీ అనలేదు, అంతే. తిండి సంగతీ కాదనను. తిండి చాలని పిల్లాడికి ప్రతి జబ్బూ ముదురుతుంది. విటమిన్ ఏ లోపం కళ్లకే కాదు, తట్టు వచ్చినప్పుడు ప్రాణానికీ ముప్పు. అందుకే తట్టు టీకాతోపాటు విటమిన్ ఏ సిరప్ మేమే పోస్తాం, తొమ్మిదో నెలతో మొదలుపెట్టి అయిదేళ్ల లోపు 9 సార్లు. అది లోపాన్ని పూడ్చడం. లోపం లేనివాడికి పంచదార కలిపిన పొడి పోసి డాలు బొమ్మ చూపించడం వేరు.

4. ‘సహజంగా వస్తుంది’ అనేవాళ్లకు ఒక్క మాట

ధనుర్వాతం వచ్చి బతికి బయటపడినవాడికి కూడా మళ్లీ రాకుండా రక్షణ ఉండదు. మనిషిని చంపడానికి చాలినంత విషం, శరీరానికి పాఠం నేర్పడానికి చాలదు. కోలుకున్నాక వాళ్లకూ టీకా వేస్తాం. పైగా అది మనిషి నుంచి మనిషికి అంటేది కాదు, మట్టిలో ఉండేది. ఊరంతా వేయించుకున్నా వేయించుకోనివాడికి రక్షణ లేదు. ఒకప్పుడు మంత్రసానులు కొడవలితో బొడ్డు కోసిన పసికందులు ఏడో రోజుకు బిగుసుకుపోయేవాళ్లు. గర్భిణులకు టీటీ సూదులు వేసి, ఆసుపత్రి కాన్పులు పెంచి 2015 నాటికి దేశంలో ఆ మరణాలను లెక్కలోకి రానంతగా తగ్గించాం. ఏ పొడీ దాన్ని తగ్గించలేదు.

5. ఒక ఇంటి పొరపాటు ఒక ఇంటితో పోదు

తట్టు వచ్చిన ఒక్క బిడ్డ, రక్షణ లేని 12 నుంచి 18 మందికి అంటించగలడు. అంత తొందరగా పాకే జబ్బు ఊళ్లోకి రాకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 12 నుంచి 23 నెలల పిల్లల్లో ప్రాథమిక టీకాలన్నీ పడ్డవారు దేశం మొత్తం మీద 76.4 శాతం. ఇందులో 16 నెలల తర్వాతి డోసుల లెక్కే లేదు.

తొమ్మిది నెలలు నిండని పసివాళ్లకు మామూలుగా తట్టు టీకా వేయం. క్యాన్సర్ మందులు వాడుతున్న పిల్లలకు వేయలేం. వాళ్ల చుట్టూ ఉన్న పిల్లలకు పడ్డ టీకాలే వాళ్లకు కంచె. డబ్బాను నమ్ముకుని సూది మానేసిన ఇల్లు ఆ కంచెలో గండి. ఇంకో ఘోరం ఉంది. తట్టు వచ్చి తగ్గిన పిల్లల రక్తాన్ని పరీక్షించి 2019లో శాస్త్రవేత్తలు ప్రకటించారు: అంతకుముందు వేరే జబ్బుల మీద సంపాదించుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయి. అంటే పాత మాన్యాల పట్టాలు కూడా తగలబెట్టి పోయే జబ్బు ఇది. ‘ఇమ్యూనిటీ’ కోసం తట్టు టీకా మానడం కంటే విడ్డూరం ఏముంటుంది?

6. రుజువు ఎవరు చూపించాలి?

‘వ్యాక్సినేషన్’ అంటే టీకా వేయడం. ‘ఇమ్యునైజేషన్’ అంటే ఒంట్లో రక్షణ ఏర్పడటం. ఈ రెండిటి మధ్య దూరం ఎంతో మా భుజాలకు తెలుసు. మందు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. క్యారియర్‌లో నాలుగు ఐస్ ప్యాక్‌లు పెట్టే ముందు వాటిని కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి లోపల నీళ్ల చప్పుడు వినాలి. లేకపోతే ఆ చలికి పెంటా గడ్డకట్టి పాడవుతుంది. పోలియో సీసా మీద చిన్న చదరం ఉంటుంది, అది చుట్టూ ఉన్న వలయమంత ముదురైతే పారేయాలి. తట్టు టీకా (ఎంఆర్) సీసాలో మందు కలిపిన 4 గంటలకు, లోపల ఇంకా డోసులున్నా సరే, పారేయాలి. ఒక్క బిడ్డ కోసం సీసా తెరిచి మిగతాది పారేసిన రోజులు ఎన్నో.

ఇంత చేసి, జబ్బు పేరు చెప్పి, ఎన్ని డోసులో చెప్పి, మధ్యలో ఎన్ని వారాలో చెప్పి, తర్వాత జ్వరం వస్తుందని కూడా ముందే చెప్పి టీకా వేస్తాం. డబ్బాకు ఇందులో ఒక్క షరతూ లేదు. ఎండలో లారీలో వస్తుంది, కొట్టు ముందు వేలాడుతుంది, అన్ని జబ్బులకూ పనిచేస్తుంది.

చట్టాలు లేక కాదు. జబ్బులు నయం చేస్తామనే దొంగ ప్రకటనల మీద 1954 నుంచే చట్టం ఉంది. కానీ అది ప్రధానంగా జబ్బుల పేర్లు పట్టుకుని నడుస్తుంది. ‘ఇమ్యూనిటీ’ జబ్బు కాదు కాబట్టి ఈ మాటకు అంత గిరాకీ. ఏ జబ్బు పేరూ ఎత్తకుండా అన్ని జబ్బుల భయాన్నీ అమ్ముకోవచ్చు. అయినా 2006 ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కంపెనీకే కాదు, ప్రకటనలో నటించినవాళ్లకూ 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా వేయొచ్చంటోంది. చేతిలో కర్ర ఉంది. తీసేవాళ్లే లేరు.

7. మా తప్పు కూడా ఉంది

దాచుకోను. తల్లి చేతికిచ్చే కార్డులో మేం రాసే మాటలు ‘పెంటా’, ‘ఎఫ్‌ఐపీవీ’, ‘పీసీవీ’, ‘బూస్టర్’. ఏ సూది ఏ జబ్బుకో నోటితో చెప్పే తీరిక చాలా బుధవారాలు నాకూ ఉండేది కాదు. అరవై మంది పిల్లలు, ఒక ఏఎన్ఎం. ‘మళ్లీ వచ్చే నెల రావమ్మా’ అని పంపించేవాళ్లం. మేం చెప్పకుండా వదిలిన ఖాళీలోనే డబ్బావాడు బొమ్మ వేశాడు. తెలుగులో టీకా అంటే సూదే కాదు, కష్టమైన పద్యానికి రాసే వివరణ కూడా. సూది టీకా వేశాం గానీ, ఆ రెండో టీకా వేయలేదు మేము.

ఇక మా డిమాండ్లు. ‘మా’ అంటున్నాను, ఎందుకంటే ఈ లేఖ చదివి వినిపించాక మా ఊరి తల్లులు 41 మంది కింద సంతకాలు పెట్టారు.

అధికారులకు:

ఒకటి. పిల్లల కోసం అమ్మే ఏ పొడి మీదా, సిరప్ మీదా ‘బూస్టర్’ అనే మాట ఉండకూడదు. ఆ మాట టీకా కార్డుకు వదిలేయండి.

రెండు. ‘ఇమ్యూనిటీ’ అని రాసిన ప్రతి కంపెనీనీ మూడు ప్రశ్నలు అడగండి. ఏ జబ్బు నుంచి? ఎంతకాలం? ఎవరి మీద పరీక్షించారు? మూడింటికీ కాగితం చూపించలేనివాళ్లతో ఆ మాట చెరిపించండి.

మూడు. ‘ఇది టీకా కాదు, టీకాకు బదులు కాదు’ అని తెలుగులో, ముందువైపున, సరుకు పేరంత సైజు అక్షరాల్లో రాయించండి. చీమ తలకాయల్లో కాదు.

నాలుగు. ‘ఇది ఫుడ్డు, అది ఆయుర్వేదం’ అని ఒకరి మీదికి ఒకరు తోసుకోవడం ఆపి, ఇలాంటి ఫిర్యాదు ఎవరికివ్వాలో ఒక్క కార్యాలయం, ఒక్క నంబరు ప్రకటించండి. నా పాత ఉత్తరాలకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి.

సంపాదకులకు:

డబ్బు తీసుకుని వేసే ఆరోగ్య కార్యక్రమంలో మొదటి నుంచి చివరిదాకా ‘ప్రకటన’ అనే మాట తెర మీద ఉంచండి. తెల్లకోటు తొడిగి కూర్చోబెట్టిన మనిషి ఏం చదివారో కింద వేయండి. మీ సొంత వార్తల్లో ‘ఇమ్యూనిటీ పెంచే పది ఆహారాలు’ అని రాయబోయే ముందు, మీ డెస్కులో ఒక్కరైనా ‘ఏ జబ్బుకు?’ అని అడగాలని నియమం పెట్టుకోండి. ‘తట్టు నుంచి రక్షణ’, ‘కంఠసర్పి రాకుండా టీకా’ అని జబ్బు పేరుతో కలిపి రాస్తే పాఠకుడికి ఇట్టే తెలుస్తుంది. చోటు కూడా పెద్దగా పట్టదు.

పిల్లల డాక్టర్లకు:

టీకా రాసిన చీటీ మీదే కింద ‘ఇమ్యూనిటీ సిరప్’ రాయకండి. మీరు పక్కపక్కన రాస్తే తల్లికి రెండూ ఒకటే. డబ్బులు చాలనప్పుడు ఏది మానేయాలో కూడా ఆమే తేల్చుకుంటుంది. మీరు అడగాల్సింది ఒకటే: ‘కార్డు తెచ్చావా?’

ఆరోగ్య శాఖ వాళ్లూ ఇది చదువుతారని ఆశపడుతున్నాను. కార్డులో ‘బూస్టర్’ పక్కన తెలుగులో ‘ఏడాదిన్నర సూది: కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం’ అని అచ్చువేయించండి. ఆశాలు ఇంటికెళ్లి ‘బూస్టర్ అయిందా’ అని అడగకుండా ‘ఏడాదిన్నర సూది తొడకు పడిందా, కార్డు చూపించు’ అని అడిగేలా చెప్పండి. ఇది మాత్రం మేం మా ఊళ్లో అప్పుడే మొదలుపెట్టాం. మొదటి నెలలోనే ఇంకో ఇద్దరు పిల్లలు దొరికారు. వాళ్లలో ఒకరింట్లోనూ డబ్బా ఉంది, కంపెనీ వేరు, బొమ్మ మాత్రం అదే డాలు.

ఆ బాబు ఇంట్లో చూసిన డబ్బా నా దగ్గర ఉంది. ఆ అమ్మాయికి 480 రూపాయలు ఇచ్చి తీసుకున్నాను. వద్దంది, బలవంతంగా ఇచ్చాను. సగం మిగిలిన పొడి మూత బిగించి, బిల్లు రబ్బరు బ్యాండుతో చుట్టి ఉంచాను. మీలో ఎవరు పరీక్షకు అడిగినా పంపుతాను. పోస్టు ఖర్చు నాదే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఎన్ఎం,
కృష్ణా డెల్టాలోని ఒక ఊరి నుంచి